మా ఫోన్లలో మా కొండ ఎందుకు లేదు?

పోస్ట్ కొంచెం పొడవుగా ఉంటుంది, ఓపిగ్గా చదవండి. చదివాక తిట్టాలనిపిస్తే తిట్టండి, కానీ సగంలో వదిలేసి తిట్టొద్దు.

మేం అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఒకే పంచాయతీకి చెందిన ఐదుగురం. వైజాగ్‌లో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నాం. మా ఐదిళ్లల్లోనూ కాలేజీ గడప తొక్కిన మొదటివాళ్లం మేమే. పోయిన నెల మా రూమ్‌లో ఉండే విజయనగరం ఫ్రెండ్ "మీ ఊరు చాలా బాగుంటదంట కదా, ఒక ఫోటో చూపించండిరా" అని అడిగాడు. ఐదుగురం ఐదు ఫోన్లు తీశాం. గెడ్డ ఉంది, వలిసె పూల చేను ఉంది, చోడి నూర్పు ఉంది, పండగనాడు థింసా ఆడిన వీడియో ఉంది. మా ఊరి ముందున్న కొండ మాత్రం ఒక్క ఫోటోలోనూ లేదు. ఊరి ముందు నిలబడి ఎటు తిప్పి తీసినా కొండ పడాలి. పడలేదంటే మేమే పడనివ్వలేదు. ఫోన్ పక్కకి తిప్పి తీశాం. కొన్నింట్లో పడితే క్రాప్ చేశాం. ఎవరూ మాకు చెప్పలేదు, మేం ఒకరికొకరం చెప్పుకోలేదు. ఐదుగురం విడివిడిగా అదే పని చేశాం.

ఎందుకంటే ఆ కొండకి నల్లరాయి క్వారీ ఉంది.

మాకు ఊహ తెలిసినప్పుడు అది నిండు కొండ. కింద జీడిమామిడి, మధ్యలో పోడు చేలు, పైన వెదురు. ఇప్పుడు ముందు భాగం నిలువుగా కోసేశారు. కోసిన చోట బూడిద రంగు గోడలా ఉంటుంది. దాని కింద పనికిరాని మట్టి, రాళ్లు వాలు మీదకి ఒంపేశారు, అవి వానకి ఎర్రగా జారి చారలు కట్టాయి. పక్కన క్రషర్, కంకర గుట్టలు. రోడ్డు పక్క చెట్ల ఆకులు పచ్చగా కనిపించేది వానలు పడిన రెండు నెలలే, మిగతా కాలమంతా తెల్లగా పిండి జల్లినట్టు ఉంటాయి. రాత్రి పెద్ద లైట్లు వేస్తారు. మా వీధి ఇళ్లన్నీ వరసగా కొండ వైపు ముఖం పెట్టి కట్టినవి. అంటే ప్రతి ఇంటి గుమ్మంలోనూ పొద్దున లేవగానే కనిపించేది ఆ గోడే.

దుమ్ము గురించి, బ్లాస్టింగ్‌కి గోడలు బీటలు వారడం గురించి, గెడ్డ నీళ్లు మురికవడం గురించి ఈ గ్రూపులో చాలామంది రాశారు. అవన్నీ నిజమే. మేం ఈ రోజు రాసేది వాటి గురించి కాదు. కంటికి కనిపించేదాని గురించి. ఇది అడిగితే అందరూ నవ్వుతారు కాబట్టి దీని గురించి ఎవరూ అడగరు. మా ఊళ్లో మీటింగు పెట్టినప్పుడు మాలో ఒకమ్మాయి లేచి "కొండ చూడ్డానికి ఘోరంగా అయిపోయింది" అంది. క్వారీ తరఫున వచ్చినాయన నవ్వి, "అమ్మా, అందం తిని బతుకుతారా?" అన్నాడు. మన పెద్దలూ నవ్వారు. ఆ అమ్మాయి కూర్చుండిపోయింది.

ఆ ప్రశ్నకి ఆ రోజు జవాబు చెప్పలేకపోయాం. ఇప్పుడు చెప్తున్నాం.

మొదటిది. మన దగ్గర కొండని చూడ్డం పనిలో భాగం. మా తాతలు కొండ నెత్తి మీద మబ్బు ఎలా కూర్చుందో చూసి విత్తనం తీసేవాళ్లు. కొండ నీడ ఏ చెట్టు దాకా వచ్చిందో చూసి పశువుల్ని మళ్లించేవాళ్లు. ఏ వాలులో ఏ చెట్టు పూసిందో చూసి ఇప్పుడు ఏం దొరుకుతుందో చెప్పేవాళ్లు. అడవిలో దారి తప్పితే కొండ ఆకారం చూసి ఊరెటుందో పట్టేవాళ్లు. చదువు రాని మనిషికి అదే క్యాలెండరు, అదే గడియారం, అదే మ్యాపు. ఆ వాలూ ఆ చెట్లూ లేకపోతే చదివేందుకు ఏం మిగిలింది? ఫోన్‌లో వెదర్ చూస్తాం అంటారా, మా ఊళ్లో సిగ్నల్ ఎక్కడ దొరుకుతుందో మీకు తెలుసు. ఆ గట్టు ఎక్కాల్సిందే.

రెండోది. కొండ మనకి దేవుడు. ఇది మీలో ఎవరికీ వివరించి చెప్పక్కర్లేదు. మాలో ఒకడి నాయనమ్మ పొద్దున ముఖం కడుక్కుని గుమ్మంలో నిలబడి కొండకి దండం పెట్టేది. ఇప్పుడు పెట్టడం లేదు. ఎందుకే అని అడిగితే "ఎవరికి పెట్టమంటావురా, గోడకా?" అంది. ఆమెకి ఏ కాయితంలోనూ నష్టపరిహారం రాయలేదు. రాయడానికి గడి కూడా ఉండదు. చేను పోతే గడి ఉంటుంది, చెట్టు పోతే గడి ఉంటుంది.

మూడోది డబ్బు సంగతి, అందం తిని బతకరు అన్నవాళ్ల కోసం. వలిసెలు పూసే రోజుల్లో అరకు రోడ్డు మీద కార్లు ఆగుతాయి. పచ్చటి చేలో నిలబడి, వెనక కొండ పడేలా ఫోటోలు తీసుకుంటారు, చేను గలాయనకి ఎంతో కొంత ఇస్తారు. కాఫీ తాగుతారు, వెదురు బొంగు చికెన్ తింటారు. చూసేదానికే వస్తున్నారు కదా వాళ్లు. మన ఏజెన్సీలో చూపు కూడా ఒక పంటే. మా ఊరి మలుపు దగ్గర ఇప్పుడు కార్లు ఆగవు, అద్దాలు పైకెత్తుకుని వెళ్లిపోతాయి. అందం తిని బతికేవాళ్లు ఉన్నారు సార్, మా మలుపు దగ్గర మొక్కజొన్న కంకులు కాల్చి అమ్ముకునే అమ్మ అలాగే బతికింది.

నాలుగోది మా గురించే. మా ఊరి పిల్లలు బడిలో బొమ్మ గీస్తే ఇల్లు, కొండ, కొండ వెనక సూర్యుడు గీస్తారు. పోయిన సెలవుల్లో చూస్తే ఒక చిన్నది కొండ గీసి మధ్యలో గోడలా ఖాళీ వదిలి, పక్కన పొక్లెయిన్ గీసింది. అది పుట్టేటప్పటికే కొండ అలా ఉంది. దానికి అదే కొండ. ఇంకో పదేళ్లకి "అప్పుడు ఇలా ఉండేది" అని చెప్పేవాళ్లు కూడా ఉండరు. పోయింది అని తెలిసినవాళ్లు ఉన్నంతవరకే దాన్ని పోయింది అంటారు. మేం ఫోటోలు క్రాప్ చేసి ఆ పనికి సాయం చేశాం.

ఇక అవతలి మాట. ఇది రాయకపోతే మేం అబద్ధం రాసినట్టే.

మా ఐదుగురిలో ఒకడి అన్న ఆ క్వారీలోనే డ్రిల్లింగ్ దగ్గర పని చేస్తాడు. వీడి మొదటి సంవత్సరం ఖర్చులు ఆ కూలితోనే కట్టాడు. ఈ పోస్ట్ రాద్దాం అన్నప్పుడు వాడు రెండు రోజులు మాతో మాట్లాడలేదు. "మీకు చూడ్డానికి బాగోలేదు, మా అన్నకి తినడానికి ఉంది" అన్నాడు. మా దగ్గర జవాబు లేదు. ఇంకోటి, మా పక్క ఊళ్లకి రోడ్డు లేక గర్భిణుల్ని డోలీలో మోస్తున్నారు. రోడ్డు కావాలంటే కంకర కావాలి. మేం చదివే కాలేజీ, మేం పడుకునే హాస్టల్ ఏదో ఒక కొండని పగలగొట్టి కట్టినవే. క్వారీలు అసలు వద్దు అనే హక్కు మాకు లేదు, ఆ మాట మేం అనడం లేదు.

చివరికి వాడే ఒక మాట అన్నాడు. "మా అన్న కూడా ఇంటికొచ్చాక గుమ్మంలో కూర్చోడు, పెరట్లో కూర్చుంటాడు." ఆ తర్వాత వాడు కూడా కూర్చుని ఈ పోస్ట్ రాశాడు.

కాబట్టి మా ప్రశ్న క్వారీ కావాలా వద్దా అని కాదు. ఏ కొండ, ఎటువైపు నుంచి, ఎంత మేర, ఎవర్ని అడిగి, అయిపోయాక ఎలా వదిలేస్తారు? ఇది అడిగే హక్కు మనకి ఉంది, కానీ మనం వాడటం లేదు.

చట్టం గురించి తెలిసినంత రాస్తున్నాం. 1959 భూబదలాయింపు నిబంధన, దానికి 1970లో వచ్చిన 1/70 సవరణ మనందరికీ తెలుసు. షెడ్యూల్డ్ ఏరియాలో భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదు. మన అనంతగిరి మండలం బొర్రా దగ్గర మైనింగ్ లీజుల మీద మొదలైన సమత కేసులో 1997 జులై 11న సుప్రీంకోర్టు, ప్రభుత్వం కూడా ఆ చట్టం కింద ఒక 'వ్యక్తే', కాబట్టి ప్రభుత్వం కూడా ఇక్కడి భూమిని గిరిజనేతరులకి మైనింగ్ లీజుకి ఇవ్వకూడదు అని చెప్పింది. దేశమంతా చదువుకునే ఆ తీర్పు మన కొండల మీద పుట్టింది.

1996 పీసా చట్టం ప్రకారం షెడ్యూల్డ్ ఏరియాలో చిన్నతరహా ఖనిజాల లీజుకి గ్రామసభ లేదా తగిన స్థాయి పంచాయతీ ముందస్తు సిఫార్సు తప్పనిసరి. రాయి, కంకర ఈ చిన్నతరహా ఖనిజాల్లోకే వస్తాయి. అదే చట్టంలో ఇంకో మాట ఉంది, దాన్ని మనం చదవం. గ్రామసభకి తమ సంప్రదాయాల్ని, సాంస్కృతిక గుర్తింపుని, ఉమ్మడి వనరుల్ని కాపాడుకునే అధికారం ఉంది. నాయనమ్మ దండం పెట్టే కొండ ఈ మూడింట్లోకీ వస్తుంది. "చూడ్డానికి ఘోరంగా ఉంది" అన్న అమ్మాయి మాట ఎగతాళి మాట కాదు, చట్టంలో చోటున్న మాట.

ఇంకో సంగతి మాకు ఈ మధ్యే తెలిసింది. 2006 పర్యావరణ అనుమతుల నోటిఫికేషన్‌లో ఫారమ్ 1ఎ అని ఒకటుంది. పెద్ద పెద్ద బిల్డింగులు కట్టేవాళ్లు నింపాలి. అందులో అందం గురించి ఒక విభాగమే ఉంది. మీరు కట్టేదాని వల్ల ఏదైనా దృశ్యానికి, ప్రకృతి అందానికి అడ్డొస్తుందా, దాన్ని లెక్కలోకి తీసుకున్నారా అని అడుగుతారు. అంటే సిటీలో అపార్ట్‌మెంట్ లేస్తే వెనకాలవాళ్ల చూపుకి అడ్డమా అనేది ప్రభుత్వం అడగదగ్గ ప్రశ్నే. అదే ప్రశ్న మా గుమ్మం ముందు అడిగితే నవ్వుతారు. పైగా అదే నోటిఫికేషన్ ప్రకారం బి2 కింద పెట్టిన ప్రాజెక్టులకి ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేదు. చిన్న చిన్న క్వారీలు చాలావరకు ఆ దారిలో వెళ్లిపోతాయి. అలాంటప్పుడు మనకి మిగిలిన తలుపు గ్రామసభ ఒక్కటే.

ఆ తలుపు బలం ఎంతో మన పక్కనే ఒడిశాలో చూశాం. నియమగిరి కొండ తవ్వాలా వద్దా అన్నది గ్రామసభలే తేల్చాలని 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ ఏడాదే 12 ఊళ్లల్లో గ్రామసభలు పెట్టారు. పన్నెండుకి పన్నెండూ వద్దన్నాయి. డోంగ్రియా కోందులు కొండ మా రాజు అని చెప్పారు. వాళ్లని ఎవరూ నవ్వి కూర్చోబెట్టలేకపోయారు.

మాలో ఒకడు జియాలజీ చదువుతున్నాడు. వాడు క్లాసులో విన్నది చెప్పాడు. మన తూర్పు కనుమల్లో ఉండే ఒక రకం రాయిని పుస్తకాల్లో ఖొండలైట్ అంటారు. ఖోండు తెగ పేరు మీద పెట్టారంట. రాయికి మన పేరు పెట్టారు, రాయి తీసేటప్పుడు మాత్రం మనల్ని అడగరు. ఇది వాడు నవ్వుతూనే చెప్పాడు, మాకు మాత్రం నవ్వు రాలేదు.

ఇప్పుడు మన తప్పు కూడా రాయాలి. మా కొండ లీజు కాయితం మీద ఉన్న పేరు బయటివాళ్లది కాదు, మనవాళ్లదే. మాకు వరసకి బావ అవుతాడు. పేరు ఆయనది, మిషన్లు వేరేవాళ్లవి, లారీలు వేరేవాళ్లవి. ఆయనకి నెలకింత. ఆయన్ని మేం పూర్తిగా తప్పు పట్టలేం, ఆయన ఇంటి పైకప్పు ఆ డబ్బుతోనే వేసుకున్నాడు. కానీ సమత తీర్పు ముందు తలుపు మూస్తే, మన పేర్లే వెనక తలుపు అయ్యాయి. మొదటి లీజుకి గ్రామసభ జరిగిందని రిజిస్టర్లో ఉంది. మా నాన్నల సంతకాలు, వేలిముద్రలు ఉన్నాయి. అడిగితే "ఏదో రోడ్డు కోసమన్నారు" అంటారు. అప్పుడు చదవడం వచ్చినవాళ్లు ఊళ్లో లేరు. ఇప్పుడు ఉన్నాం, కానీ హాస్టల్లో ఉన్నాం.

వచ్చే నెల మా పంచాయతీలో మళ్లీ గ్రామసభ ఉంది. ఈసారి ఎదుటి కొండకి. అంటే ఇప్పటిదాకా గుమ్మంలో గోడ ఉంటే, రేపటి నుంచి పెరట్లో కూడా ఉంటుంది. ఆ అన్నకి కూర్చోడానికి పెరడు కూడా ఉండదు.

మేం ఐదుగురం వెళ్తున్నాం. ఇంటర్నల్స్ ఉన్నాయి, అయినా వెళ్తాం. అక్కడ అడగాలనుకున్నవి ఇవి. మీ ఊళ్లో కూడా పనికొస్తే తీసుకోండి, మార్చుకోండి.

ఒకటి. సంతకం ముందు బొమ్మ చూపించాలి. మ్యాపు మీద గీతలు మా పెద్దలకి అర్థం కావు. మా వీధిలో నిలబడి తీసిన ఫోటో మీద, ఐదేళ్లకి కొండ ఎలా ఉంటుంది, పదేళ్లకి ఎలా ఉంటుంది, అయిపోయాక ఎలా ఉంటుంది అని గీసి చూపించాలి. కంప్యూటర్లో ఇది పెద్ద పని కాదు. చూపించలేకపోతే సంతకం లేదు.

రెండు. కొండ శిఖరం, ఊరికి ఎదురుగా ఉన్న వాలు ముట్టుకోకూడదు. "అయితే వెనక నుంచి తవ్వుతాం" అంటారు. ఆగండి. మన వెనక అంటే అవతలి ఊరికి ముందు. కాబట్టి కొండ కనిపించే ఊళ్లన్నిటినీ పిలిచి అడగాలి. మన గుమ్మం కాపాడుకోడానికి పక్క ఊరి గుమ్మం ఇచ్చేస్తే మనకీ వాళ్లకీ తేడా ఏముంది?

మూడు. పైమట్టి విడిగా దాచాలి. పైమట్టి పోతే ఆ రాయి మీద ఏమీ మొలవదు, అందుకే గోడ గోడలాగే ఉండిపోతుంది. పై నుంచి కిందకి మెట్లు మెట్లుగా తవ్వి, అయిపోయిన మెట్టు మీద దాచిన మట్టి పరిచి చెట్లు పెట్టాలి. అంతా అయిపోయాక పెడతాం అనే మాట ఒప్పుకోకూడదు. ఒక మెట్టు పచ్చబడ్డాకే ఇంకో మెట్టు. పనికిరాని రాళ్లు, మట్టి ఊరి వైపు, గెడ్డ వైపు ఒంపకూడదు.

నాలుగు. అడ్డంగా పచ్చ వల కట్టి, నాలుగు వరసల చెట్లు పెట్టి చూపించి "కనిపించట్లేదు కదా" అంటే ఒప్పుకోవద్దు. దాచడం వేరు, మాన్పడం వేరు. పుండు మీద గుడ్డ కప్పితే పుండు తగ్గదు. చెట్లు పెట్టాలి, కానీ తవ్వకముందే పెట్టాలి, మన చెట్లు పెట్టాలి. కానుగ, నేరేడు, మామిడి, వెదురు.

ఐదు. రాత్రి పని వద్దు. తప్పనిసరిగా లైటు వేస్తే కిందకి పడేలా వెయ్యాలి, మా ఇళ్ల మీదకి కాదు.

ఆరు. లీజు కాయితం, మైనింగ్ ప్లాన్, హద్దుల కొలతలు గ్రామసభలో తెలుగులో చదివి వినిపించాలి. ఇవ్వకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద అడుగుతాం. లీజు మన పేరు మీద ఉంటే నడిపేది ఎవరో కూడా సభలో చెప్పాలి. 2015 సవరణతో వచ్చిన జిల్లా ఖనిజ నిధి డబ్బు మా పంచాయతీకి ఎంత వచ్చింది, దేనికి ఖర్చయిందో కూడా అడుగుతాం.

వీటిలో అన్నీ జరుగుతాయని మేం అనుకోవడం లేదు. సభలో మళ్లీ నవ్వొచ్చు. మా ఇళ్లల్లోనే తిట్టొచ్చు. "చదివించింది ఇందుకా" అంటారేమో. ఇందుకే అని చెప్తాం. కాయితం చదవడం వచ్చిన పిల్లలు ఊళ్లో లేనప్పుడు ఒక కొండ పోయింది. చదవడం వచ్చాక కూడా రెండోది పోతే ఇక ఆ తప్పు మా నాన్నల వేలిముద్రది కాదు, మాది.

చివరగా మీ అందరికీ ఒక పని. ఈ సెలవుల్లో ఊరెళ్లినప్పుడు మీ గుమ్మంలో నిలబడి కొండని ఫోటో తియ్యండి. బాగున్నా తియ్యండి, పగిలినా తియ్యండి. క్రాప్ చెయ్యొద్దు. ప్రతి నెలా అదే చోట నిలబడి, అదే వైపు తిరిగి, తేదీ కనిపించేలా తీసి దాచండి. ముసలివాళ్లని అడిగి కొండ మీద ఏ వాలుని ఏమంటారో, ఏ రాయి పేరేంటో రాసుకోండి. రేపు ఎవరైనా "ఇక్కడ ఏముంది, ఒట్టి రాయి" అంటే చూపించడానికి మన చేతిలో ఏదో ఒకటి ఉండాలి.

మేం పోయిన వారం ఒకడు ఊరెళ్తే మొదటి ఫోటో తీయించాం. గుమ్మం నుంచి. నాయనమ్మ ఒక పక్కన ఉంది, ఎదురుగా గోడ ఉంది. చూడ్డానికి బాగోలేదు. అయినా కింద పెడుతున్నాం. మీ ఊరివి కూడా పెట్టండి.

జై ఆదివాసీ.